ఆదివారం నడిచిన బస్సు

లారీ తోలినవాడికి బడి బస్సు ఒక లెక్కా అనుకున్నాను. ఆదోని నుంచి పత్తి బేళ్లు ఎత్తుకుని బొంబాయి దాకా, నూనె డబ్బాలు ఎత్తుకుని మద్రాసు దాకా తిరిగినవాణ్ణి. ఘాటులో బ్రేకు పట్టకపోతే గేర్ల మీదే బండిని కిందికి దించుకొచ్చినవాణ్ణి. పొద్దున పిల్లల్ని ఎక్కించుకుని సాయంత్రం దించడం నాకు ఎడమచేతి పని. ఇప్పుడు అడిగినా ఇదే మాట చెబుతాను. స్టీరింగు విషయంలో నాకు తగ్గి మాట్లాడటం రాదు.

లారీ మానింది చేతకాక కాదు, ఆదివారాల కోసం. మాది మా తాత నాడే బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. ఆదోనిలో మా గుడికి రాతి గోడలు, పైన రేకులు, తాడు లాగితే మోగే గంట. తొమ్మిదింటికి గంట కొడతారు. మగవాళ్లు ఒకవైపు చాపల మీద, ఆడవాళ్లు ఇంకోవైపు చాపల మీద కూర్చుంటారు. నెలలో మొదటి ఆదివారం సంస్కారం ఉంటుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రొట్టె, ద్రాక్షరసం పెడతారు, ఏసుప్రభువును తలుచుకుని ఆ బల్ల ముందు మోకరించి తీసుకోవాలి. కానీ అంతకు ముందు, ఆరాధన మొదట్లోనే, మా పాస్టరు అయ్యగారు ఒప్పుకోలు ప్రార్థన చెప్పిస్తారు. ఎవరి తప్పులు వాళ్లు దేవుడి ముందు ఒప్పుకోవాలి. ఆ ప్రార్థనకు అందనివాడు తర్వాత బల్ల దగ్గరికి రాకూడదు, అది మా గుడి కట్టుబాటు. ఎంత పెద్దమనిషైనా సరే, ఆలస్యంగా వస్తే చాప చివర కూర్చుని మిగతావాళ్లు తీసుకుంటుంటే చూడాల్సిందే.

లారీవాడికి మొదటి ఆదివారం ఎక్కడ దొరుకుతుంది? మొదటి ఆదివారం నేను షోలాపూరులోనో, బళ్లారి రోడ్డు మీద పంచరు వేసుకుంటూనో ఉండేవాణ్ణి. పెళ్లయినప్పటి నుంచీ నా భార్య ఒక్కతే బల్ల దగ్గరికి పోతోంది. ఆమె పెద్దగా అడిగే మనిషి కాదు. ఒకరోజు మాత్రం అన్నం వడ్డిస్తూ అంది. "నాకు సీరలొద్దు, నగలొద్దు. ఒక్కసారి ఆ బల్లకాడ నువ్వు కూడా ఉండల్ల. అందురూ మొగుడూ పెండ్లాం వస్తారు. నేను మాత్రం ముండమోసినదాని మాదిరి ఒక్కదాన్నే పోతాండాను."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. లారీ తాళాలు ఇచ్చేశాను.

ఆమె అంత మాట అనడానికి వెనక మా అత్త, అంటే ఆమె తల్లి, ఉంది. మా అత్తది ఎమ్మిగనూరు, ఆదివారం మాత్రం మా ఆదోని గుడికే వచ్చేది. ఆమెను అందరూ బైబిలమ్మ అనేవాళ్లు. తెల్లచీర, భుజాన గుడ్డసంచి, సంచిలో బైబిలూ పాటల పుస్తకమూ చెవిపోటుకు ఏదో నూనె సీసా. ఊరూరూ నడిచిపోయి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం ఆమె పని. ఏ ఇంట్లోనైనా తిన్నగా వంటింట్లోకి పోగలదు. ఉర్దూ కూడా గడగడా మాట్లాడుతుంది. వర్షమైనా, జ్వరమైనా, చుట్టాల పెళ్లయినా ఆదివారం గుడి తప్పిన మనిషి కాదు. గుడి కట్టుబాట్లకు పోలీసు లేని లోటు తీర్చేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు అయ్యగారికి కాదు, మా అత్త చూపుకు భయపడేవాళ్లు.

ఇక ఉద్యోగం సంగతి. ఎనభైల మొదట్లో ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక సాహెబు కొత్తగా బడి పెట్టాడు. ఇంగ్లీషు చెబుతారు, ఉర్దూ చెబుతారు, తెలుగు చెబుతారు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లల కోసం పాత బస్సు ఒకటి కొని పసుపురంగు వేయించాడు. డ్రైవరు కావాలన్నాడు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. రాత్రి ఇంట్లో నిద్ర, ఆదివారం గుడి, ఇంకేం కావాలి?

పోయి అన్నీ అడిగాను. టైర్లు ఎప్పుడు మార్చారు, డీజిల్ ఎక్కడ పోయించాలి, ఖాకీ బట్టలు ఎవరు కుట్టిస్తారు, బండి చెడిపోతే మేస్త్రీ ఎవరు, అన్నీ. సాహెబు కూడా నన్ను అన్నీ అడిగాడు. తాగుతావా, బీడీ తాగుతావా, పిల్లల్ని తిడతావా. తిడతానేమో కానీ కొట్టనని చెప్పాను. నవ్వి తాళాలు ఇచ్చాడు.

బస్సు మొదటిసారి బయటికి తీసిన పొద్దున సాహెబు మసీదు పెద్దమనిషిని పిలిపించి ఫాతెహా ప్రార్థన చదివించాడు. లెక్కల పంతులు ఊరుకోకుండా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. నేను ఎప్పటి అలవాటు ప్రకారం స్టీరింగు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, నా ప్రార్థన నేను చేసుకున్నాను. ఎవరి దేవుడికి వాళ్లు అప్పజెప్పాం. బ్రేకులు మాత్రం నేనే చూసుకున్నాను.

నా దారిలో అన్నిటికన్నా దూరం ఊరు పెద్దకడుబూరు వైపు ఉండేది. అక్కడి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఊరూ ఏరుకుంటూ ఆదోనికి రావాలి. ఆ ఊళ్లో సాయిబుల ఆడపిల్లలు నలుగురు బస్సెక్కాలి. అయిదో తరగతి దాటి చదువుకు ఊరు విడిచిపోయే ఆడపిల్లలు ఆ వీధిలో అంతకు ముందు లేరు. మొదటి రోజు ఆ నలుగురి కన్నా ముందు ఒక ముసలామె వచ్చింది. వాళ్లలో పెద్దపిల్లకు నాయనమ్మ. అందరూ దాదీమా అంటారు. బస్సు మెట్టు దగ్గర నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవురప్పా నువ్వు? హిందువా, మన వాడివా?"

"కిరస్తానీనమ్మా."

"తాగుతావా?"

"లేదు."

"నమాజు సేస్తావా?"

"మాది ప్రార్థన అంటాము. చేస్తాను."

"యాడ సేస్తావు? సెయ్యి, సూస్తాను."

ఎవరైనా వేరేవాళ్లు అలా అడిగి ఉంటే నా నోట్లోంచి ఏం మాట వచ్చేదో. ఆ ముసలామె ముందు మాత్రం బుద్ధిగా స్టీరింగు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె తన మనవరాలిని ఎక్కించేసింది. "దేవునికి భయపడేవాడు పిల్లోళ్లను పడేయడు. పో బేటా," అంది. మిగిలిన ముగ్గురి ఇళ్లవాళ్లు ఆమెను చూసి తమ పిల్లల్ని పంపారు. ఆమె పిల్ల వస్తేనే ఆ ముగ్గురూ వస్తారు, రాకపోతే లేదు.

నేను చేరింది ఒక శనివారం అయినా సర్వీసింగు, రంగు, కాగితాలు అయ్యేసరికి బస్సు కదిలింది సోమవారం. నాలుగు రోజులు దర్జాగా నడిపాను. అయిదో రోజు పొద్దున్నే ఆ దూరం ఊరికి పోయి వీధి చివర హారను కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాను. ఒక మేక తలెత్తి చూసింది. అప్పటికే నాకు కోపం వచ్చింది, పిల్లలకు టైము తెలియదా అని. ఆగకుండా హారను మోగిస్తుంటే దాదీమా చేతినిండా పిండితో బయటికొచ్చింది.

"ఏమప్పా, పెండ్లి బ్యాండు మాదిరి మోగిస్తాండావు? ఈ దినం జుమ్మా గదా, బడి యాడిది?"

"శుక్రవారం సెలవా?"

"మరి ఎప్పుడనుకున్నావు?"

"ఆదివారం లేదా?"

"ఆదివారం ఏముంటాది? బడి ఉంటాది!"

వీధిలో మగవాళ్లు నవ్వారు, నేను కూడా పైకి నవ్వాను. ఖాళీ బస్సు తోలుకొస్తూ దారిపొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను. టైర్ల వయసు అడిగాను, సెలవు ఏ రోజని అడగలేదు. ఎందుకడుగుతాను? వారానికి సెలవంటే ఆదివారమే కదా. సాహెబు కూడా చెప్పలేదు. ఆయనెందుకు చెబుతాడు? సెలవంటే శుక్రవారమే కదా. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని, ఒకరికొకరు అంత శ్రద్ధగా ప్రశ్నలు వేసుకుని, అసలు మాట మాత్రం ఎవరికి వాళ్లు మనసులో పెట్టుకుని లేచొచ్చాం.

ఇంట్లో చెబితే నా భార్య విని, అన్నం గిన్నె నా ముందుకు జరిపింది. అదే కష్టం. తిట్టి ఉంటే బాగుండేది. మా అత్త మాత్రం కబురు అందగానే ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చేసింది. "పెనం మీది నుంచి పొయ్యిలో పడినావు గదప్పా. లారీకి ఎప్పుడో ఒక ఆదివారమన్నా దొరికేది. దీనికి అదీ లేదు," అంది.

ఎలాగోలా రెండూ కుదురుస్తాను చూడు అని ఆమెతో పందెం వేసినట్టు మాట్లాడాను. కుదరలేదు. ఊళ్లన్నీ ఏరుకుని పిల్లల్ని బడి దగ్గర దించేసరికి పదవుతుంది. బస్సు అక్కడ పెట్టి, చెమటబట్టలతో పరుగెత్తి గుడికి చేరేవాణ్ణి. అప్పటికి ఒప్పుకోలు ప్రార్థన ఎప్పుడో అయిపోయి ఉంటుంది. చాప చివర కూర్చునేవాణ్ణి. రెండు నెలలు మొదటి ఆదివారాలు అలాగే గడిచాయి. నా భార్య లేచి, తల మీద కొంగు సర్దుకుని, ఒక్కతే బల్ల దగ్గరికి నడిచేది. తిరిగి వచ్చేటప్పుడు నా వైపు చూసేది కాదు. ఎదురుగా కూర్చుని ఉండి కూడా ఆమెను ఒంటరిదాన్ని చేశాను. లారీ రోజుల్లో కనీసం ఆ నడక నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది.

వారంలో ఆదివారం మాత్రం వదిలేయమని సాహెబును అడిగాను. ఆయన మంచివాడే. తల గోక్కుని, "నేను వదిలేస్తానప్పా. ఊళ్లల్లో ఒప్పుకోవద్దా? నీ మొగం చూసి పంపతాండారు ఆడపిల్లలను. ఆదివారానికి ఒకడు, మిగతా దినాలకు ఒకడు అంటే పంపుతారా?" అన్నాడు. అయ్యగారిని అడిగాను, గుడి గంట పదిన్నరకు కొట్టమని. పెద్దల ముందు పెడతానన్నాడు. పెద్దలు అంటే మొదట మా అత్తే, ఆమె పెద్దల సభలో లేకపోయినా. గంట జరిపేది లేదంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి నేనే తేల్చేశాను. ఉద్యోగం వదిలేస్తాను.

సాహెబు జిన్నింగు మిల్లులో పనిచేసే ఇంకో డ్రైవరును చూసుకున్నాడు. వాడు చెడ్డవాడేమీ కాదు. ఎప్పుడూ నోట్లో పాను, ఎప్పుడూ సినిమా పాట, అంతే. ఆదివారం సాయంత్రం నుంచి వాడు. నేను ఆదివారం పొద్దుటి ట్రిప్పు వరకు తోలాలి. ఆ ఆదివారం మళ్లీ సంస్కారం ఆదివారమే. దానికి మా అత్త ఒక ఉపాయం చెప్పింది. గంటన్నర ముందే బయల్దేరితే ఎనిమిదిన్నరకల్లా పని ముగుస్తుంది, బస్సు తాళాలు సాహెబు చేతిలో పెట్టి గంట మోగేలోపు గుడిలో ఉండొచ్చు. శనివారం సాయంత్రం పిల్లల్ని దించుతూ ప్రతి ఊళ్లోనూ చెప్పాను. రేపు గంటన్నర ముందు వస్తాను, అదే నా ఆఖరి ట్రిప్పు, సాయంత్రం నుంచి కొత్త డ్రైవరు. పిల్లలు తలలూపి దిగిపోయారు. దాదీమా మనవరాలు మాత్రం దిగినదల్లా ఒకసారి వెనక్కి తిరిగి చూసి పోయింది.

శనివారమే మా ఇంటికి వచ్చిన మా అత్త ఆదివారం చీకటి ఉండగానే బస్సులో నా వెనక సీట్లో కూర్చుంది. తెల్లచీర, భుజాన సంచి. "నువ్వెందుకత్తా?" అన్నాను.

"సాహెబుతో నేను మాట్లాడతాను. నీకు నోరెక్కువ, పోయేటప్పుడు పోట్లాడి పోతావు. అదీగాక నువ్వు యాడా నిలబడి కబుర్లు సెప్పకుండా సూసేదానికి."

నా భార్య గుడికి నేరుగా వస్తానంది. గుమ్మంలో నిలబడి, "ఈ రోజు అందుకుంటావు గదా?" అంది. అందుకుంటానని గట్టిగా చెప్పాను.

దూరం ఊరు చేరేసరికి అప్పుడే తెల్లవారుతోంది. రోడ్డు పక్కన పత్తిచేలు మంచుతో తడిసి ఉన్నాయి. వీధి చివర ముగ్గురు పిల్లలు నిలబడి ఉన్నారు. నాలుగో పిల్ల లేదు. ముగ్గురూ బస్సెక్కలేదు.

"ఎక్కండమ్మా, టైము లేదు."

"ఆమె రాల్యా అన్నా. దాదీమా పంపదంట. ఆమె రాకుంటే మమ్మల్ని గూడా పంపరు."

"ఎందుకు పంపదు?"

"కొత్తాయన వస్తాడంట గదా. ఇంగ సదువు సాలనింది."

నాకు ఒళ్లు మండింది. ఒక్కరోజుకు ఇవాళ ఎక్కవచ్చు కదా, రేపటి సంగతి రేపు చూసుకోవచ్చు కదా అనుకున్నాను. ఆ ఇంటి గుమ్మానికి పరదా వేలాడుతోంది. మగవాణ్ణి, నేను పరదా దాటి పోలేను. ఇంట్లో మగవాళ్లు పొలానికి పోయారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు హారను మీద చూపించాను. మా అత్త లేచింది.

"ఆపు ఆ మోత. నేను పోయి తోలుకొస్తా. రెండు మాటల పని."

ఆమె పరదా పక్కకు తోసి లోపలికి పోయింది. ఆ రెండు మాటలు ఎంతకీ అయిపోలేదు. నేను బస్సు దిగాను, ఎక్కాను. టైర్లు తన్ని చూశాను. ఇంకో ఊళ్లో పిల్లలు చలిలో నిలబడి ఉంటారని గుర్తొచ్చింది. ఎండ ఇంటి గోడ మీదికి ఎక్కి, గోడ దిగి వీధిలోకి వచ్చింది. ఒకసారి లోపలి నుంచి దాదీమా గొంతు పెద్దగా వినిపించింది, ఉర్దూలో. ఆ తర్వాత మా అత్త గొంతు వినిపించలేదు. మా అత్త జవాబు చెప్పకుండా ఊరుకోవడం నేనెప్పుడూ ఎరగను. ఏదో అయిందని భయం వేసింది. పిలుద్దామనుకున్నాను. అయినా ధైర్యం చాలలేదు.

చివరికి పరదా కదిలింది. మా అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల భుజాన పుస్తకాల సంచి ఉంది. మా అత్త చేతిలో గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు ఉన్నాయి. దాదీమా గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి లోపలికి పోయింది. నలుగురూ ఎక్కారు.

"బండి తియ్యి," అంది మా అత్త.

"టైము చూశావా అత్తా? ఇంక గంటకు అందేది లేదు."

"తెలుసు. తియ్యి."

ఊరు దాటాం. అద్దంలో చూస్తే మా అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను ఉండబట్టలేక ఆ పిల్లనే అడిగాను, లోపల ఏం జరిగిందని. పిల్లలకు అడగడమే ఆలస్యం.

"దాదీమా అడిగిందన్నా, నువ్వు ఏంటికి పోతాండావని. అవ్వ సెప్పింది, ఆదివారం మీ గుడి ఉంటాదని, బస్సు తోల్తే అందుకోలేవని. దానికి దాదీమాకు కోపమొచ్చింది. 'నేను అయిదు పూట్ల నమాజు సేస్తాను. పొయ్యి మీద రొట్టె మాడతాంటే తిప్పేసి వచ్చి సేస్తాను. అల్లా యాడికీ పోల్యా. నీ దేవునికి అంత తొందర ఏముండాది?' అనింది."

"అవ్వ ఏమంది?"

"ఏమీ అన్లేదు. అప్పుడు దాదీమా అనింది, 'వాణ్ణి నమ్మి పిల్లను గడప దాటించినాను. ఇప్పుడు నువ్వొచ్చి వాణ్ణి తీసుకపోతాండావు. ఈ పిల్ల సదువు మాన్పించేది నేను గాదు, నువ్వు' అని." పిల్ల ఒకసారి మా అత్త వైపు చూసి గొంతు తగ్గించింది. "అవ్వ ఏడ్సిందన్నా. దాదీమా సెయ్యి పట్టుకొని, తప్పు నాదే అక్కా అనింది. రేపు గూడా, వచ్చే ఆదివారం గూడా మా వాడే వస్తాడు, మాట ఇస్తాండాను అనింది."

"పొగ అది," అంది మా అత్త కిటికీలోంచి కళ్లు తిప్పకుండా. "రొట్టెలు సేస్తాండ్రి లోపల."

నాకు ఒక్కసారి ఏం చేయాలో తోచలేదు. నన్ను అడక్కుండా నా మాట ఇచ్చేసింది. ఇంకోరోజైతే అక్కడే బస్సు ఆపి గొడవపెట్టుకునేవాణ్ణి. అద్దంలో ఆ నలుగురు పిల్లలూ రొట్టె తుంపుకుని పంచుకుంటున్నారు. మా అత్తకు కూడా ఒక ముక్క ఇచ్చారు. గేరు మార్చి బండి తోలాను. నిజం చెప్పాలంటే నాలో ఒక బరువు దిగింది. ఆ బస్సు వదలడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. కానీ గుమ్మంలో నిలబడి అడిగిన నా భార్య ముఖం గుర్తొచ్చి, దిగిన బరువు మళ్లీ ఎక్కింది.

మిగతా ఊళ్లల్లో పిల్లలు అలిసిపోయి రోడ్డు పక్కన కూర్చుని ఉన్నారు. అందరినీ ఏరుకుని బడి చేరేసరికి మొదటి పీరియడు అయిపోయింది. సాహెబు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, పక్కన పాను నములుతూ కొత్త డ్రైవరు. మా అత్త దిగి, కొంగు సర్దుకుని, ఆయన ముందు నిలబడింది.

"సాహెబూ, మా అల్లుడు పోడు. ఈ కొత్తాయనకు వేరే పని సూపించు."

సాహెబు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆయన నవ్వి, కొత్త డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయాడు. తాళాలు నా జేబులోనే ఉండిపోయాయి.

గుడికి పోయేసరికి ఆరాధన ముగిసి జనం వెళ్లిపోయారు. చెప్పుల చోటు ఖాళీగా ఉంది. నా భార్య ఒక్కతే లోపల చాపలు చుడుతోంది. మమ్మల్ని చూసి చుట్టడం ఆపింది. కోపంగా లేదు. ఏడ్చినట్టు ఉంది. "నేనూ పోలేదమ్మా బల్లకాడికి," అంది వాళ్ల అమ్మతో. "ఇంగొక్కసారి ఒక్కదాన్నే పోలేను అనుకున్నా. చాప మీదే కూర్చున్నా."

అయ్యగారు ఇంకో ఊరి గుడికి పోవడానికి సైకిలు బయటికి తీస్తున్నాడు. బల్ల మీద మిగిలిన రొట్టె, గిన్నె తెల్లగుడ్డ కింద ఉన్నాయి. మా అత్త తిన్నగా ఆయన దగ్గరికి పోయింది.

"అయ్యా, సైకిలు పెట్టండి. మా ముగ్గురికీ సంస్కారం ఇయ్యండి."

అయ్యగారు నిజంగానే కంగారుపడ్డాడు. వయసులో ఆమె కన్నా చిన్నవాడు. ఆయన గుడిలోకి వచ్చిన నాటి నుంచీ ఆ కట్టుబాటు కాపాడింది ఆమే. "అమ్మా, మీకు నేను చెప్పేదేముంది. మీ కూతురు సరే, మొదటి నుంచీ ఉంది. మీరిద్దరూ ఒప్పుకోలు ప్రార్థనకు లేరు గదా," అన్నాడు.

మా అత్త సైకిలు హ్యాండిలు పట్టుకుంది. 

"ఒప్పుకోలు చేసే వచ్చినానయ్యా. పొద్దున ఒక పరదా ఎనకాల, పొయ్యికాడ, ఒక ముసల్దాని సెయ్యి పట్టుకొని నా తప్పు ఒప్పుకున్నా. ఇన్నేండ్లు ఈ చాపల మీద చెప్పిన ప్రార్థనల్లో నేను అంత నిజంగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. అది సాలదంటే చెప్పండి, పోతా. సాలుతాదంటే బల్ల మీద గుడ్డ తీయండి."

 అయ్యగారు సైకిలును గోడకు ఆనించాడు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, బల్ల మీది గుడ్డ రెండు చేతులతో మెల్లగా తీశాడు.

 ఖాకీ చొక్కా నిండా దుమ్ము, చేతులకు డీజిల్ వాసన. లారీ రోజుల నుంచీ దేనికోసం కొట్టుకున్నానో అది ఎదురుగా ఉంటే చేతులు చొక్కాకు రాస్తూ గుమ్మంలోనే నిలబడ్డాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. నా భార్యను ఇన్నేళ్లు ఒక్కతే నడిపించిన తప్పు లోలోపల ఒప్పుకున్నాను.

"ఏమప్పా, చూస్తా నిలబడినావు?" అంది మా అత్త. "మళ్లా పిల్లోళ్లను ఇండ్లకు చేర్చల్ల. మోకరించు."

ఏ వైపు పోవాలో తెలియక చూశాను. మగవాళ్ల వైపు చాపలన్నీ చుట్టేసి ఉన్నాయి. నా భార్య అప్పటికే బల్ల ముందు మోకరించి, పక్కకు జరిగి, చేత్తో నేల తుడిచి నాకు చోటు చేసింది. నేను పోయి ఆమె పక్కన మోకరించాను.